రెక్క మీద రాయని పేరు

జూన్ నెల, మిట్టమధ్యాహ్నం అనుకోండి. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఎత్తు మీద ఒక విశాలమైన బయలు. కనుచూపు మేర చెట్టన్నది లేదు. మోకాలెత్తు పొదలు, ఆగని గాలి, అప్పుడప్పుడు మబ్బు తొలగితే ఎండ. ఆ పొదల మీదుగా గోధుమరంగు రెక్కల పురుగొకటి వంకరటింకరగా, మహా వేగంగా దూసుకుపోతుంది. కన్ను నిలిపేలోపే మాయం. అది సీతాకోకచిలుక కాదండీ, చిమ్మట. మన ఇళ్లలో రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే పురుగులకు చుట్టమే. దాని పేరేమిటని ఎవరైనా అడిగితే మనం వెంటనే రెక్కల వంక చూస్తాం. రంగేమిటి, చారలెన్ని, చుక్క ఎక్కడుంది అని వెతుకుతాం. అక్కడే పొరపాటు మొదలవుతుందని నా వాదన. చిమ్మట పేరు రెక్క మీద సగమే దొరుకుతుంది. మిగతా సగం దాని బతుకులో ఉంటుంది. ఏ నెలలో కనబడింది? ఏ పూట ఎగిరింది? ఏ మొక్క దగ్గర ఉంది? నెల, పూట, మొక్క. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వీటి దగ్గరికే వస్తాను.

ముందుగా ఆ నేల గురించి రెండు మాటలు. బ్రిటన్‌లో ఇలాంటి ఎత్తైన, చెట్లు లేని, తడి ఇంకిన నేలను మూర్ అంటారు. అడుగున కుళ్లిన మొక్కల పదార్థం వేల ఏళ్లుగా పేరుకుపోయి నల్లగా, స్పాంజిలా మెత్తగా ఉంటుంది. దాన్ని పీట్ అంటారు. సారం తక్కువ, పులుపు ఎక్కువ ఉన్న నేల అది. అందులో హాయిగా పెరిగేది హెదర్ అనే చిన్న పొద. ఆగస్టు వచ్చిందంటే మూర్ మూర్ అంతా ఆ పూలతో ఊదారంగుకు తిరుగుతుంది. లీడ్స్‌లోనో, బ్రాడ్‌ఫర్డ్‌లోనో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఇల్‌క్లీ మూర్ దగ్గరే కాబట్టి, ఆ రంగు వాళ్లకు తెలిసే ఉంటుంది. చలికాలం పొడుగు, వేసవి పొట్టి, తిండి అంతంత మాత్రం. ఇలాంటి చోట ఒక పురుగు బతకాలంటే కాలాన్ని చాలా జాగ్రత్తగా వాడుకోవాలి. ఆ జాగ్రత్తే దాని గుర్తింపు కూడా.

ఇప్పుడు మన గోధుమరంగు పురుగు దగ్గరికి వద్దాం. మూర్ మీద పట్టపగలు ఎగిరే పెద్ద చిమ్మటల్లో ముఖ్యమైనవి మూడు. ఒకటి ఎంపరర్ మాత్. దాని నాలుగు రెక్కల మీదా నాలుగు కళ్లు ఉంటాయి, నెమలికన్నులా స్పష్టంగా. మగదాని వెనక రెక్కలు నారింజ రంగు, ఆడది బూడిద రంగు. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా ఎగురుతుంది. దీన్ని ఇంకొకదానిగా పొరబడడం కష్టం. రెండోది ఫాక్స్ మాత్. మగది ఎర్రటి గోధుమరంగు, ముందు రెక్క మీద సన్నటి లేత గీతలు రెండు పక్కపక్కనే సాగుతాయి. మూడోది నార్తర్న్ ఎగ్గర్. ఇదీ గోధుమరంగే, కాని ముదురు. రెక్కకు అడ్డంగా వెడల్పాటి పసుపు పట్టీ, ముందు రెక్క నడుమ ఒక తెల్ల చుక్క. ఇదే అసలు చిక్కుముడి. ఫాక్స్ మాత్, నార్తర్న్ ఎగ్గర్ రెండూ జూన్‌లో కనబడతాయి. రెండింటి మగవీ ఎండలోనే తిరుగుతాయి. రెండూ నిలవవు. అరక్షణం దొరికే చూపులో గీతలా పట్టీనా అని తేల్చగలిగేది ఎవరు? పైగా ఆడవి మగవాటిలా ఉండవు. ఎగ్గర్‌లో ఆడది లేత పసుపుపచ్చ, ఒళ్లు పెద్దది. పగలు పొదలో కూర్చుంటుంది, చీకటి పడే వేళకు గాని లేవదు. రెక్కల బొమ్మ పట్టుకుని బయలుదేరిన మనిషి, మగదాన్ని ఒక జాతి అనీ ఆడదాన్ని ఇంకో జాతి అనీ రాసుకున్నా తప్పు పట్టలేం.

ఇది రెక్కలున్న దశ సంగతి. ఆ దశ ఎంతకాలమో తెలుసా? ఈ మూడు చిమ్మటలకూ పెద్దయ్యాక తినే పనే లేదు. నోరు పనిచేయదు. గొంగళి పురుగుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ఎగరాలి, జతకట్టాలి, గుడ్లు పెట్టాలి. అది ముగిశాక చావాలి. కొద్ది రోజుల ముచ్చట. నార్తర్న్ ఎగ్గర్ మొత్తం ఆయుష్షు మాత్రం రెండేళ్లు. మళ్లీ చెబుతాను. రెండేళ్ల బతుకులో రెక్కలుండేది కొద్ది రోజులు. ఆ కొద్ది రోజుల ముఖం చూసి పేరు పెడితే, మిగతా కాలమంతా ఆ పురుగు మన కళ్లకు పేరులేనిదిగానే మిగిలిపోతుంది.

ఆ రెండేళ్లూ ఎలా గడుస్తాయో చూద్దాం. జూన్ సాయంత్రం ఆడ ఎగ్గర్ హెదర్ మీదుగా ఎగురుతూ ఎగురుతూనే గుడ్లు జారవిడుస్తుంది. ఆకుకు అంటించదు, గుంపుగా పేర్చదు. చుట్టూ ఉన్నదంతా పిల్లలకు తిండే అయినప్పుడు చోటు వెతకాల్సిన పనేముంది? గుడ్డు పగిలి వచ్చిన పిల్ల కొంత తిని, కొంత పెరిగి, చలి మొదలవగానే హెదర్ మొదట్లోకి దిగిపోతుంది. ఇది మొదటి చలికాలం. చిన్న గొంగళి పురుగుగా గడుపుతుంది. వసంతంలో లేచి మళ్లీ తినడం మొదలుపెడుతుంది. వేసవంతా అదే పని. హెదర్‌తోపాటు బిల్‌బెర్రీ లాంటి మొక్కలూ తింటుంది. కుబుసం విడిచినప్పుడల్లా లావెక్కుతుంది. శరత్కాలానికి మన వేలంత పొడుగు, గోధుమరంగు నూగుతో బొద్దుగా తయారవుతుంది. అప్పుడు పొదల అడుగున గట్టి గూడు అల్లుకుని ప్యూపా అవుతుంది. ఇది రెండో చలికాలం. ఈసారి గూట్లో గడుపుతుంది. ఆ మరుసటి మే, జూన్ నెలల్లో గూడు చీల్చుకుని బయటికి వస్తుంది. అంటే మొదటి చలికాలం గొంగళి పురుగుగా, రెండో చలికాలం ప్యూపాగా. ఇది నార్తర్న్ ఎగ్గర్ లెక్క.

ఇప్పుడు దీన్ని ఫాక్స్ మాత్ లెక్క పక్కన పెట్టండి. ఫాక్స్ మాత్ మే, జూన్‌లో గుడ్లు పెడుతుంది. దాని పిల్ల ఒక్క వేసవిలోనే పూర్తిగా పెరిగిపోతుంది. అక్టోబరులో మూర్ మీద నడిచేవాళ్ల కాళ్ల కింద, దారి మధ్యలో, గడ్డి మీద కనబడే పెద్ద నూగు పురుగు చాలావరకు ఇదే. ఈ పురుగు గూడు కట్టకుండానే, నిండుగా పెరిగిన గొంగళి పురుగుగానే చలికాలం దాటుతుంది. మార్చిలో బయటికొచ్చి ఎండ కాచుకుంటుంది తప్ప, మళ్లీ తినదు. ఆ తర్వాతే గూడు. ఇక చూడండి. మార్చి ఎండలో, తిండి ముట్టకుండా, నిండుగా పెరిగిన నల్లటి మఖ్మల్ ఒళ్లు, వీపు మీద తుప్పురంగు నూగు ఉన్న పురుగు కనబడితే అది ఫాక్స్ మాత్. అదే నెలలో ఇంకా చిన్నగా ఉండి, హెదర్ కొరుకుతూ కనబడితే ఎగ్గర్ అనుకోవచ్చు. పెరిగిన ఎగ్గర్ పురుగుకు పక్కల వెంబడి తెల్లటి గీత ఉంటుంది, ఫాక్స్‌కు ఉండదు. ఆ గీత చూడడం మంచిదే. కాని గీత చూడకముందే నెల మనకు సగం జవాబు చెప్పేసింది. ఇక ఎంపరర్ పిల్ల సంగతి వేరు. అది పచ్చగా, నల్లటి కట్లతో, ఆ కట్ల మీద పసుపు బొడిపెలతో హెదర్ రెమ్మల్లో కలిసిపోతుంది. ఆగస్టు దాటితే అదీ కనబడదు. గూట్లోకి వెళ్లిపోతుంది. ఆ గూడు మూతి దగ్గర గట్టి పోగులు మొనలు కలిపి నిలబడతాయి. లోపలి చిమ్మట వాటిని తోసుకుని బయటికి రాగలదు, బయటి పురుగు మాత్రం లోపలికి దూరలేదు.

ఇక్కడ తెలివైన శ్రోత ఒక అభ్యంతరం లేవదీస్తారు. ఇది గట్టి అభ్యంతరమే. బ్రిటన్ దక్షిణాన ఓక్ ఎగ్గర్ అని ఇంకో చిమ్మట ఉంది. పేరులో ఓక్ ఉంది కదా అని ఓక్ చెట్లు వెతక్కండి, దాని పిల్లలు ముళ్లకంపలూ కంచె మొక్కలూ తింటాయి. అదీ గోధుమరంగే, దానికీ పసుపు పట్టీ, తెల్ల చుక్క. కాని అది ఏడాదిలోనే తన చక్రం పూర్తిచేస్తుంది. జూలై, ఆగస్టుల్లో ఎగురుతుంది. నార్తర్న్ ఎగ్గర్‌కు రెండేళ్లు పడుతుంది, అది మే నుంచే ఎగురుతుంది, కొంచెం పెద్దది, కొంచెం ముదురు రంగు. జీవితచక్రమే గుర్తింపు అని మీరన్నారు కదా, మరి చక్రాలు వేరైతే ఇవి రెండు వేరు జాతులు కావాలి కదా? 19వ శతాబ్దంలో కొందరు అలాగే అనుకున్నారు, ఉత్తరాది దానికి వేరే శాస్త్రీయ నామం కూడా పెట్టారు. నేటి శాస్త్రం రెండింటినీ ఒకే జాతిగా చూస్తుంది. 1758లో శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరే, లాసియోకాంపా క్వెర్కస్ అన్నదే, రెండింటికీ చెల్లుతుంది. శరీర నిర్మాణంలో రెండింటినీ విడదీసే గీత లేదు. పరిమాణం, రంగు ఒకదాన్నుంచి ఇంకోదానికి మెల్లగా జారిపోతాయి.

మరి నా వాదన కూలిపోయిందా? లేదంటాను. నేను చెప్పింది చక్రంలోని ఏళ్లు లెక్కపెట్టి జాతులు విడదీయమని కాదు. చక్రం తెలియకపోతే చూసినదాన్ని అర్థం చేసుకోలేమని. వేసవి పొట్టిగా ఉన్నచోట, హెదర్ లాంటి సారంలేని తిండి తిని ఒక్క ఏడాదిలో అంత ఒళ్లు పెంచడం సాధ్యం కాదు. అందుకే ఆ జాతి ఇంకో ఏడాది అరువు తెచ్చుకుంది. వాతావరణం గడియారాన్ని సాగదీసింది, జాతి మారలేదు. దీనికి సాక్ష్యం వెతకడానికి ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. ఎంపరర్ మాత్ కుటుంబానికే చెందిన ఒక చిమ్మట మన తెలంగాణ అడవుల్లో ఉంది. అదే దసలి పట్టు పురుగు. మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో మద్ది చెట్ల మీద దీన్ని పెంచుతారు. ఆ పట్టుతో నేసిన చీరలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పెద్ద చిమ్మట రెక్కల మీదా గుండ్రటి కళ్లుంటాయి, దానికీ పెద్దయ్యాక తినే నోరు లేదు. మన వెచ్చటి పల్లపు అడవుల్లో అది ఏడాదికి మూడు తరాలు తీస్తుంది. అదే జాతి ఎత్తైన చల్లటి కొండల మీద ఏడాదికి ఒకటి రెండు తరాలతోనే సరిపెట్టుకుంటుంది. జాతి ఒకటే, గడియారాలు వేరు. దసలి రైతుకు ఇది పుస్తకం చెప్పక్కర్లేదు. వానలు పడే వరకూ గూట్లో నిద్రపోయే ప్యూపా ఎప్పుడు లేస్తుందో తెలియకపోతే ఆయన పంటే లేదు.

రెండో అభ్యంతరం ఈ కాలానిది. ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లున్నాయి, ఇంత గొడవెందుకు అంటారు. నిజమే, వాటిని తీసిపారేయలేం. నాలుగు కళ్ల ఎంపరర్ ఫొటో చక్కగా వచ్చిందంటే యాప్ పేరు చెబుతుంది. చిక్కల్లా ఫొటో దొరకని చోటే వస్తుంది. ఎండలో దూసుకుపోయే మగదాని ఫొటో తీయడం ఎవరి తరం? ఇప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు పెద్ద పురుగులా ఉండదు. కుబుసం విడిచినకొద్దీ రంగులు మారిపోతాయి. పైగా ఫొటోతోపాటు తేదీ, చోటు కూడా ఇస్తే యాప్ జవాబు ఎంత మెరుగుపడుతుందో గమనించండి. ఆ తేదీ, ఆ చోటు ఏమిటి? నెల, మొక్క ఉన్న నేల. అంటే యంత్రం కూడా మన మూడు ప్రశ్నల్లో రెండు అడుగుతోంది, కాకపోతే మనకు వినబడకుండా అడుగుతోంది.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఆ చిమ్మటలే ఇచ్చాయి. ఫ్రాన్సు దేశంలో జాఁ ఆన్రీ ఫాబ్ర్ అనే గొప్ప కీటక పరిశీలకుడు ఉండేవాడు. ప్రొవాన్స్‌లో సెరిన్యాఁ అనే పల్లెలో తన పెరటినే ప్రయోగశాల చేసుకున్నాడు. ఒక పిల్లాడు తెచ్చి అమ్మిన గూడులోంచి ఆయనకు ఒక ఆడ ఓక్ ఎగ్గర్ దొరికింది. మన కథానాయికే అన్నమాట. ఆ చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఆయన కంటబడని చిమ్మట అది. దాన్ని తీగవల బోనులో పెట్టాడు. రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఎండలో మగవి రావడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు కాదు, డజన్ల కొద్దీ. చూసి వచ్చాయా, వాసన పట్టి వచ్చాయా? ఫాబ్ర్ ఆడదాన్ని తీసి గాజు గంట కింద పెట్టాడు, మగవి వచ్చే దారిలోనే, కిటికీ దగ్గరే. అది అంతకుముందు ఉన్న ఖాళీ బోనును గదిలో ఒక చీకటి మూల పెట్టాడు. మగవి వచ్చాయి. కళ్లెదుట గాజులో కూర్చున్న ఆడదాన్ని దాటుకుని పోయాయి. పోయి ఆ ఖాళీ బోను చుట్టూ మూగాయి. ఇది ఒక్కసారి మళ్లీ చెప్పనివ్వండి. కనబడుతున్న ఆడదాన్ని వదిలేసి, అది కూర్చుని లేచిన చోటు కోసం కొట్టుకున్నాయి. రెక్కల రంగు వాటికి లెక్కలోనే లేదు.

ఆ కనబడని వస్తువేమిటో తేలడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది. జర్మనీలో అడాల్ఫ్ బూటెనాంట్ బృందం దాదాపు 5 లక్షల ఆడ మల్బరీ పట్టు చిమ్మటల గ్రంథులు సేకరించి, మగదాన్ని పిలిచే పదార్థాన్ని విడదీసి చూపించింది. ఇలాంటి పదార్థాలను ఫెరోమోన్‌లు అంటారు. మగ చిమ్మట తలమీద ఈకల్లా విచ్చుకున్న మీసాలు వాటిని పట్టడానికే ఉన్నాయి. పట్టపగలు ఎండలో దానికేం పని అనే ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్టే. వంకరటింకర ఆటలా కనిపించేది గాలిలో తెగిపోయే వాసన దారిని మళ్లీ మళ్లీ అందుకోవడం. ఆ ఆడది కూడా అన్ని వేళలా పిలవదు. తన జాతికి తగిన రుతువులో, తగిన పూట పిలుస్తుంది. తమ తోడును గుర్తుపట్టడానికి చిమ్మటలకే నెలా పూటా కావాల్సి వస్తే, మనకు బొమ్మ ఒక్కటీ చాలుతుందంటే నమ్మడం కష్టం.

ఆఖరి అభ్యంతరం, అసలు ఇదంతా ఎవరికి కావాలి అన్నది. మూర్ మీదే దీనికి జవాబుంది. గ్రౌస్ అనే వేటపక్షుల కోసమూ, గొర్రెల మేత కోసమూ అక్కడ హెదర్‌ను ముక్కలు ముక్కలుగా తగలబెడతారు. ముదురు పొద కాలితే లేత చిగురు వస్తుంది. ఇంగ్లండులో ఎత్తు నేలల మీద ఇలా కాల్చడానికి అనుమతించే కాలం అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు. పక్షులు గూళ్లు కట్టే కాలాన్ని తప్పించేలా ఉన్న గడువు అది. పక్షులకు బాగుంది. మరి ఆ నెలల్లో చాలావరకు ఈ మూడు చిమ్మటలూ ఎగరడం లేదు కాబట్టి అవి లేవనుకుందామా? ఎంపరర్ గూడు ఆ రెమ్మల మీదే ఉంది. ఎగ్గర్ పిల్ల ఆ పొద మొదట్లో ఉంది, దాని అన్న గూట్లో ఉన్నాడు. ఫాక్స్ మాత్ పురుగు ఆ నాచు కింద ముడుచుకుని ఉంది. మూడూ అక్కడే ఉన్నాయి, రెక్కలు మాత్రమే లేవు. లేత చిగురు గొంగళి పురుగులకూ మంచిదే కదా, చిన్న చిన్న ముక్కలుగా కాలిస్తే పక్క పొదలోంచి మళ్లీ వస్తాయి కదా అని కాల్చేవాళ్లు అంటారు. అందులో నిజముంది, కొట్టిపారేయను. కాని ఎంత ముక్క, ఎన్నేళ్లకొకసారి అని తేల్చాలంటే ఏ దశ ఎక్కడుందో తెలిసి ఉండాలి. ఈ పురుగుల మీద బతికేవాళ్లూ ఉన్నారు మరి. మెర్లిన్ అనే చిన్న డేగ పగలెగిరే ఈ చిమ్మటలను గాలిలోనే పట్టి తింటుంది. నూగు చూసి ఇతర పక్షులు వదిలేసే గొంగళి పురుగులను అక్కడి కోకిల ఇష్టంగా తింటుంది.

ఇదే లెక్క మన అనంతపురం వేరుశనగ రైతును అడగండి. ఎర్ర గొంగళి పురుగు చేను మీద పడి, నూగుతో బలిసి, గుంపులుగా ఒక చేనులోంచి ఇంకో చేనులోకి నడిచేటప్పుడు చూసి పేరు గుర్తుపట్టి లాభం లేదు. అప్పటికి మందు కూడా సరిగా పనిచేయదు. ఆ పురుగు ఏడాదిలో ఎక్కువ భాగం ప్యూపాగా మట్టిలోనే ఉంటుంది. మంచి వాన పడగానే చిమ్మటలు ఒక్కసారిగా లేస్తాయి. అందుకే వేసవిలో లోతుగా దున్ని ప్యూపాలను ఎండకూ పక్షులకూ వదలమంటారు. వాన పడ్డ రాత్రులు ఊరంతా కలిసి దీపపు ఎరలు, మంటలు పెట్టమంటారు. అక్కడ కాపాడుకోవడానికి, ఇక్కడ కట్టడి చేయడానికి. ఉద్దేశాలు తిరగబడ్డాయి గాని, కావలసిన తెలివి మాత్రం ఒకటే.

ఇంగ్లండులో ఈ ప్రసంగం వింటున్నవాళ్లు ఎవరైనా ఈ అక్టోబరులో మూర్ మీదికి నడిచి వెళితే, దారి మీద ఆ తుప్పురంగు నూగు పురుగు కనబడే అవకాశం బాగా ఉంది. ఉత్త చేత్తో ముట్టుకోకండి, నూగు గుచ్చుకుని దురద పుడుతుంది. ముందు నెల చూడండి, తర్వాత అది తింటోందా నడుస్తోందా చూడండి, ఆ తర్వాత పక్కల తెల్ల గీత ఉందో లేదో చూడండి. పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెద్దామంటారు. తేకండి. ఫాక్స్ మాత్ పురుగును ఇంట్లో పెంచి చలికాలం దాటించడం అనుభవమున్నవాళ్లకే కష్టం. గది వెచ్చదనంలో అది ఎండి చనిపోతుంది, లేదా బూజు పట్టి పోతుంది. దానికి కావలసింది మంచు, వాన, నాచు. అవి అక్కడే ఉన్నాయి. దారి మధ్యలో ఉంటే ఒక ఆకు మీదికి ఎక్కించి, పక్క పొదలో వదిలిపెట్టండి. మళ్లీ మార్చిలో, ఎండ కాసిన రోజున వెళ్లి చూడండి.